శనివారం చీలమండలు

వారక్‌నబీల్ మైదానం మీద
మంచు ఇంకా లేవలేదు.
రేకుల గదిలో ఒకే ఒక్క హీటరు దగ్గుతోంది.
లినిమెంటు వాసన, తడి సాక్సుల వాసన,
బయట ఎవరో కారు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

బల్ల మీద మొదటి పాదం కీరన్‌ది.
పదిహేడేళ్లవాడు. వాడికి కబుర్లు కావాలి,
నాకు తొంభై డిగ్రీలు కావాలి.
"వేళ్లు నీ వైపు లాక్కో."
లాక్కుంటాడు, మాటల్లో పడతాడు, పాదం వాలిపోతుంది.
కట్టేటప్పుడు ఎట్లా పెడితే
ఆట పొడుగునా అట్లాగే ఉంటుందిరా నాయనా.
ఇది తెలుగులోనే తిడతాను. వాడికి అర్థమవుతుంది.

వెంట్రుకలు గీసుకుని రమ్మన్నాను.
గీసుకొచ్చాడు, బాగున్న కాలికి.

సరే, అడుగున మెత్తటి తెల్ల పట్టీ.
పిక్క కింద ఒక చుట్టు, అది లంగరు.
లంగరు లోపలి వైపు నుంచి దిగి
మడమ కిందుగా బయటికెక్కి
మళ్లీ లంగరు దాకా, రౌతు కాలికి రికాబులాగా.
అట్లాంటివి మూడు,
ఒకదాని మీదికి ఒకటి సగం ఎక్కి
పెంకుటింటి కప్పు నేసినట్టు.

తర్వాతి చుట్టుని ఇక్కడ ఆరు అంటారు.
మన ౬ ఎంత తిప్పినా ఈ మడమ మీద కూర్చోదు.
అందుకే నేర్చుకునేటప్పుడు
నేను అంకె వదిలేసి దారి గుర్తుపెట్టుకున్నాను.
ఆ పైన మడమకి తాళం, అటొకటి ఇటొకటి.
ఒక్క ముడత మిగిలిందా, మూడో క్వార్టర్‌కి బొబ్బ.

చివర బొటనవేలి గోరు నొక్కి వదులుతాను.
తెల్లబడింది. ఒకటి, రెండు.
ఎర్రబడింది. పో.

ఈ విద్య డెస్ హాన్రహన్ నేర్పాడు.
ముప్పై ఒక్క చలికాలాలు ఈ బల్ల పక్కన నిలబడ్డ మనిషి.
కత్తెర ముట్టుకోనివ్వలేదు మొదట్లో.
రెండు బొటనవేళ్ల మధ్య చర్రున చించాలి,
చింపడం రానివాళ్లకి చుట్టడం రాదు.
రెండేళ్లు నేను పాదాల్ని
బావి చేంతాడు బిగించినట్టు బిగించాక
ఒకరోజు తీరిగ్గా చెప్పాడు:
"ఇది కీలుని పట్టుకోదమ్మా.
ఇరవై నిమిషాల చెమటకి సగం బిగువు పోతుంది."
మరి ఎందుకు?
"పక్కకి ఒరిగినప్పుడు చర్మం లాగుతుంది.
కాలికి తను కాలినని గుర్తొస్తుంది."

పదింటికి బ్రైడీ వచ్చింది, నెట్‌బాల్ పిల్ల.
గురువారం బెణికిందట. "తగ్గిపోయింది, గట్టిగా చుట్టెయ్."
చీలమండ బూరెలా పొంగి ఉంది, నీలంగా.
ఒంటికాలి మీద గెంతమన్నాను.
ఒక్కసారి గెంతింది.
మొహం తిప్పుకుంది, అప్పటికే నేను చూసేశాను.
కట్టనన్నాను.
అరిచింది. ఫైనల్స్ అంది. వాళ్ల కోచ్‌ని పిలుస్తానంది.
కట్టడం మూడు నిమిషాల పని,
కట్టననడం పావుగంట.
పుత్తూరులో వెదురుబద్దలు పెట్టి ఎముకలు కట్టే చేతులు
ఎన్నిసార్లు వద్దని ఊరుకున్నాయో
ఎవరూ చెప్పుకోరు.
ఐసు సంచీ ఇచ్చాను. తీసుకుంది, థాంక్స్ అనకుండా.

సగం ఆట దగ్గర నారింజలు కోసే వేళకి
డెస్ కత్తి కింద పెట్టేశాడు.
ఏమీ అనలేదు. కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు,
పాదం పెట్టినట్టే.
బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బి మెరుస్తోంది,
అరిగిపోయిన తలుపు బందులాగా.

మణికట్టుకి లంగరు.
అక్కణ్ణించి వేలు చుట్టి వెనక్కి, మళ్లీ, మళ్లీ.
ఇద్దరం కబుర్లాడలేదు.
చివరి ముక్క చించబోతే
ఎడమచెయ్యి అడ్డం పెట్టి, పళ్లతో పట్టి
తనే చించాడు. చర్రుమనలేదు.
గోరు నొక్కాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
"చలి," అన్నాడు.
విప్పి, కాస్త వదులుగా మళ్లీ కట్టాను.

ఆట ఓడిపోయాం, పదకొండు పాయింట్లు.
కీరన్ కట్టు కత్తిరిస్తే
వాడి చీలమండ ఆకారమే చేతిలోకొచ్చింది,
లోపల వేడి, వెంట్రుకలు.

సోమవారం, నేను పనిచేసే సైలోల తూకం దగ్గర
డెస్ బార్లీ లారీ ఆగింది.
కిటికీలోంచి బరువు చీటీ అందుకున్నాడు.
ఆ వేలి మీద ఇంకా నా టేపు,
అంచులు నల్లబడి.